చంకలో కర్ర

గ్విన్ పారీకి తొంభై ఏళ్లు. వేల్స్‌లో పుట్టి, జీతానికి ఫుట్‌బాల్ ఆడిన మనిషి. కుర్రతనంలో జర్మనీలోని హానోవర్‌కు ఒక మ్యాచ్ ఆడటానికి వస్తే, హైన్జ్ అనే డిఫెండర్ బంతిని వదిలేసి ఆయన కుడి మోకాలు తన్నాడు. ఆట అక్కడితో సరి. ఆసుపత్రిలో సేవ చేసిన నర్సును పెళ్లాడి ఈ ఊళ్లోనే ఉండిపోయాడు. హైన్జ్ ఇల్లు కూడా అదే వీధిలో. రోజూ పొద్దున పారీ కర్ర పోటుతో బేకరీకి బయలుదేరతాడు. హైన్జ్ బాల్కనీలో కనబడగానే కర్రను చంకలో ఇరికించుకుని, పళ్లు బిగపట్టి, నిటారుగా నడుస్తాడు. మలుపు తిరిగాక గోడ పట్టుకుని రొప్పుతాడు. పాపను కీటాలో, అంటే ఇక్కడి పిల్లల బడిలో, దింపి వచ్చే పక్కింటి శ్రావ్య అక్కడే ఆయన్ను పట్టుకుంటుంది. మాట్లాడేది ఇంగ్లిషే అయినా పిలుపు మాత్రం తెలుగు. "పడితే తుంటి విరుగుతుందని డాక్టర్ చెప్పలేదా, తాతా?"

"విరగనీ. వాడి కళ్ల ముందు మాత్రం కుంటను."

కిందటి నెల హైన్జ్ పోయాడు. పారీ నల్లకోటు తొడుక్కుని, శ్రావ్యను తోడు రమ్మన్నాడు. శ్మశానం గేటు దగ్గరే కర్ర ఆమె చేతికిచ్చి గోతి దాకా నడిచాడు. వచ్చినవాళ్లంతా చిన్న పారతో మట్టి వేసి తప్పుకుంటున్నారు. తన వంతు వచ్చినా పారీ పార ముట్టలేదు. ఒడ్డునున్న మట్టిగడ్డను కుడికాలితో గోతిలోకి తన్నాడు. అది పెట్టె మీద ధబ్బున పడింది. హైన్జ్ కూతురు బిత్తరపోయింది. తూలిపోతున్న పారీని శ్రావ్య రెక్క పట్టుకుని ఆపింది.

"ఇక చూసేవాడు లేడు," అన్నాడాయన చెయ్యి చాపుతూ. "ఆ కర్ర ఇటివ్వు."