తడి చొక్కాలు

నిన్న పొద్దు గూకే వేళ ఆఫీసు నుంచి వస్తుంటే, ఈ పరాయి దేశంలో మా ఇంటి పక్కనున్న పాసిర్ రిస్ పార్కులో ఓ చెట్టు కింద జనం కెమెరాలెత్తి నిలబడ్డారు. కొమ్మ మీద గుడ్లగూబ. అందరూ మురిసిపోతున్నారు. నేను మాత్రం ఇంటి వైపు పరుగందుకున్నాను. మా చంటాడి చొక్కాలు కిటికీ బయట వెదురు కర్రకి ఆరేసి ఉన్నాయి.

మీ ఇళ్ళల్లోనూ ఉండేది కదా ఈ భయం? చీకటిపడ్డాక పసిపిల్లల బట్టల మీదుగా ఆ పిట్ట ఎగిరితే బిడ్డ రోజురోజుకీ చిక్కిపోతుందని. నా చిన్నప్పుడు ఓ సాయంత్రం మా పెరట్లో అది కూయగానే, నాయనమ్మ చేతిలో చేట వదిలేసి పరుగెత్తి తమ్ముడి తడి చొక్కాలు లాక్కొచ్చింది. వాటిని పసుపునీళ్ళలో ముంచుతుంటే ఆమె చేతులు వణికాయి.

"ఏమైంది నాయనమ్మా?"

"ఏం లేదే, వానొచ్చేలా ఉంది."

దీపాలవేళ ఆ పిట్ట పేరెత్తకూడదట. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఆ రాత్రి తమ్ముడి ఊపిరి వింటూ పడుకున్నాను.

పగలంతా కంప్యూటర్ల మధ్య గడిపే నేను, నిన్న లిఫ్టు కోసం కూడా ఆగకుండా నాలుగంతస్తులు ఎక్కి, ఆ కర్ర లోపలికి లాగాను. మా పెద్దది హోంవర్కులోంచి తలెత్తి, ఇక్కడి పిల్లల యాసలో అడిగింది.

"అమ్మా, స్టిల్ వెట్ లా. ఎందుకు తీస్తున్నావ్?"

"వానొచ్చేలా ఉంది" అన్నాను.

అది కిటికీలోంచి ఆకాశం కేసి చూసింది. తర్వాత నా చేతుల కేసి చూసింది.