జీడిపిక్కలు ఆరబోసి సముద్రానికి వెళ్ళిన రోజు

విశాఖలో మా ఫ్లాటు బాల్కనీ నుంచి కనిపించే ఆకాశం ఒక తువ్వాలంత ఉంటుంది, రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఎవరో ఆరేసినట్టు. డిగ్రీ అయిపోయి, తర్వాత ఏం చెయ్యాలో తేలక, ఏప్రిల్ అంతా ఆ తువ్వాలును చూస్తూ గడిపాను. పలాస దగ్గర ఉద్దానంలో ఉండే మా మేనత్త దమయంతి ఒకరోజు ఫోనులో, "ఈ ఏడు ఎండ ఎండలాగ నేదు, వాన వానలాగ నేదు. ఆకాశం రోజుకి నాలుగు సీరలు మారుత్తంది" అంది. ఆ నాలుగు చీరలూ చూడాలనిపించి, మే నెల ఒక ఆదివారం అమ్మనూ నాన్ననూ బయలుదేరదీశాను. మనసులో ఇంకో పని కూడా పెట్టుకున్నాను. సముద్రం అత్త వాళ్ళ ఊరికి మూడు కిలోమీటర్లే అయినా, ఆరేళ్ళ కిందట పెద్ద తుఫాను తోటలన్నీ పడగొట్టిన తర్వాత ఆవిడ ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. ఈసారి ఎలాగైనా తీసుకెళ్ళాలి.

ఉదయం ఆరు దాటాక విశాఖలో రైలెక్కితే తొమ్మిదిన్నరకు పలాసలో దిగాం. జనరల్ టికెట్టు మనిషికి వంద లోపే. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎండ మాడ్చేసింది. నౌపడ ఉప్పుమళ్ళ మీద తుంపర పడుతోంది. పలాసలో మళ్ళీ ఎండ. అమ్మ గొడుగు తీయడం, మడవడం, ఏ చేతిలో పట్టుకోవాలో తెలియక నాన్నకివ్వడం. కాశీబుగ్గలో ఇడ్లీ తిని, వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళే ఆటో మాట్లాడుకున్నాం. షేరు ఆటో అయితే మనిషికి నలభై, మొత్తం ఆటో నాలుగు వందలు. వాన వస్తుందా అని డ్రైవరును అడిగాను. మీ సెల్లు ఏమంటోందని ఎదురు ప్రశ్న వేశాడు. సెల్లులో సూర్యుడి మీద మబ్బు, మబ్బు కింద చినుకులు, మూడూ ఒకే బొమ్మలో ఉన్నాయి. అద్దంలోంచి అది చూసి, "నానూ అదే అంతన్నాను" అన్నాడు.

అత్త ఇంటి ముందు వాకిలంతా జీడిపిక్కలు. తుఫానులో పాత చెట్లన్నీ పోయాక నాటిన మొక్కలు ఇప్పటికి పెద్దవై, ఈ ఏడే మొదటిసారి చెప్పుకోదగ్గ కాపు ఇచ్చాయట. రెండు రోజులు ఎండాయి, ఇంకొక్క రోజు ఎండితే బస్తాలకెత్తడమే. తడిస్తే లోపల పప్పు మచ్చపడుతుంది, మచ్చపడిన పిక్కను కొనేవాడు చేత్తో కూడా ముట్టుకోడు. మావయ్య టెక్కలిలో పెళ్ళికి వెళ్ళాడు కాబట్టి ఆరేళ్ళ ఎదురుచూపుకి ఆ రోజు అత్త ఒక్కతే కాపలా. సముద్రం మాట ఎత్తగానే పిక్కల వైపు చూసింది.

మధ్యాహ్నం దాకా మేం చేసిన పని ఒకటే. మబ్బు వస్తే పోగుచెయ్యడం, ఎండ వస్తే పరవడం. తూనీగలు కిందికి ఎగురుతున్నాయి కాబట్టి వాన ఖాయమని అత్త, గాలి సముద్రం నుంచి వీస్తోంది కాబట్టి రాదని నాన్న, సెల్లు చూసి రెండూ అంటూ నేను. ముగ్గురిలో ఎవరి మాట విన్నా పిక్కలు తప్పు చోటే ఉంటున్నాయి. ఆకాశం మాత్రం నిజంగా చీరలు మార్చింది. పొద్దున గంజిపెట్టిన తెలుపు, పదకొండుకి ఇటుక రంగు దుమ్ము, ఒంటిగంటకు నెమలి మెడ నీలం. దాన్ని చూసి సంతోషించాలో భయపడాలో నాకు అర్థం కాలేదు. ఇంత అందమైన మబ్బును చూసి "పాడు మబ్బు" అని తిట్టుకోవడం నాకదే మొదటిసారి. మధ్యలో అత్త పచ్చిజీడిపప్పు కూరతో అన్నం పెట్టింది. అది కూడా సగం ఆకాశం చూస్తూనే తిన్నాం.

రెండున్నరకు ఆకాశం తేటపడింది. పక్కింటి వాళ్ళను కాస్త చూడమని చెప్పి వెళ్దామన్నాను. పక్కిల్లు అత్త తోటికోడలు ఊర్మిళది. రెండు వాకిళ్ళకూ మధ్య గోడ కూడా లేదు, ఆవిడ పిక్కలు కూడా పక్కనే ఆరుతున్నాయి. అత్త విననట్టు లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు నాన్న మెల్లగా చెప్పాడు. తుఫానులో రెండిళ్ళ మధ్య గట్టు మీది కొబ్బరిచెట్టు పడిపోతే, ఆ దుంగ ఎవరిదన్న దగ్గర మొదలైందట. దుంగ చెదలు తినేసింది కానీ, మాటలు మళ్ళీ కలవలేదు. చెట్టే లేని గట్టు కోసం ఆరేళ్ళు మాట్లాడుకోకపోవడం ఏమిటో నాకు బుర్రకెక్కలేదు. చివరికి అమ్మే అత్త చెయ్యి పట్టుకుని, గంటలో వచ్చేద్దామని ఆటో ఎక్కించింది. రానూపోనూ రెండు వందలు.

తీరంలో జనం తక్కువ. సరుగుడు తోట దాటగానే ఇసుక, ఇసుక మీద బోర్లించిన పడవలు. మేం ముగ్గురం సముద్రం చూస్తుంటే అత్త సముద్రానికి వీపు పెట్టి నిలబడింది, మహేంద్రగిరి కొండ ఉన్న వైపు, తన వాకిలి ఉన్న వైపు చూస్తూ. నేను భుజాలు పట్టి తిప్పాను. అప్పుడే ఒక అల మోకాళ్ళ దాకా వచ్చింది. "ఓలమ్మా, ఇది మారనేదే" అని నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకముందే వెనక ఉరిమింది. కొండ పక్క నుంచి నల్లటి మబ్బు ఊరి మీదికి దిగుతోంది. అత్త చెప్పులు అక్కడే వదిలేసి నడిచింది. అవి తీసుకురావడానికి నేను వెనక్కి పరిగెత్తాను.

దారిలో ఒక కిలోమీటరు మేర కుండపోత, ఆ తర్వాత రోడ్డు పొడిగా ఉంది, మళ్ళీ చినుకులు. అత్త ఆటోలోంచి తల బయటికి పెట్టి ఊరి వైపే చూసింది. నేనే తీసుకెళ్ళాను కాబట్టి ఆవిడ చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆటో ఆగేసరికి వాకిలి ఖాళీ. ఒక్క పిక్క లేదు. రెండిళ్ళ మధ్య, ఆ గట్టు ఉన్నచోట, నీలం టార్పాలిన్ కింద ఒకే ఒక్క పోగు. పక్కన చీపురు పట్టుకుని, తలంతా తడిసి, ఊర్మిళ.

ఆవిడ అత్త వైపు చూడలేదు. అమ్మతో, "వదినా, మీ ఆడపడుసుకి సెప్పు. టార్పాలు ఒకటే ఉంది. ఇవీ అవీ కలిపీసినాను" అంది.

అత్త నాతో అంది: "గుంటా, అడుగు. ఎవలివి ఏవో ఇప్పుడెలగ తెలుత్తాది?"

"తెలవదని సెప్పు" అంది ఊర్మిళ.

మధ్యలో నిలబడి ఇద్దరినీ చూస్తున్నాను. ఇంతలో పడమట మబ్బు కిందినుంచి ఎండ వచ్చింది, పసుపు ముంచిన చీరలా. అదే నాలుగోది. అత్త వంగి టార్పాలిన్ అంచు ఎత్తి పిక్కలు తడిమింది. పొడిగా ఉన్నాయి. ఒక్కరు లాగితే మీద నిలిచిన నీళ్ళు వాటిమీదే పడతాయి.

"ఊర్మిళా, ఆ కొస పట్టు."

ఊర్మిళ పట్టింది. ఇద్దరూ నీళ్ళు పక్కకు ఒంపారు. పిక్కలు పంచుకునే మాట ఎవరూ ఎత్తలేదు. ఉన్న ఎండలో అన్నీ ఒక్కచోటే పరిచారు.

తిరుగు రైలులో అమ్మ నన్ను, అక్కడ ఏం చూశావని అడిగింది. నాలుగు చీరలూ చూశానన్నాను. ఆరేళ్ళ మౌనం తెగడానికి ఒక టార్పాలిన్ తక్కువపడాలా, రేపు పిక్కలు అమ్ముడయ్యాక మళ్ళీ మొదలవుతుందా, అసలు ఆ మబ్బు రావడం మంచిదా చెడ్డదా, నాకిప్పటికీ తేలలేదు. సముద్రం మారలేదని అత్త ఎందుకు నవ్విందో కూడా. తువ్వాలంత ఆకాశం కింద కూర్చుని ఇది రాస్తున్నాను. మీరు ఎండాకాలంలో అటు వెళితే తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి, సాయంత్రం ఐదున్నర దాటితే షేరు ఆటోలు దొరకవు. ఇంకొకటి. ఏ వాకిట్లోనైనా పిక్కలు ఆరబోసి ఉండి చినుకు పడితే, అవి ఎవరివని అడక్కండి. ముందు పోగుచెయ్యండి.