బొట్టుబిళ్లల రిమోట్

మావయ్య పోయిన సంగతి నాకు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఫోన్ చూస్తే, గ్రౌండ్ ఫ్లోర్ టీవీ మెకానిక్ అంకుల్‌కి తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందనీ, మలక్‌పేటలో ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే కాలం చేశారనీ సెక్రటరీ రెండు ముక్కలు పెట్టాడు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి కిందే, నీళ్ల ట్యాంకర్ వచ్చింది, గేటు ముందు బళ్లు తీయండి అని ఇంకో మెసేజ్. దానికీ ఎవరో చేతులు జోడించారు.

నాకు ఒళ్లు మండింది. ఇది రాస్తున్నప్పుడూ మండుతూనే ఉంది. పోయినవాళ్ల గురించి ఇంత కోపంగా రాస్తారా అని మీరు అడగవచ్చు. ఆయన మీద నాకున్న కృతజ్ఞత అంతా ఇప్పుడు ఇలాగే బయటికొస్తోంది, ఏం చేయను? ఈ కోపంలో పెద్ద వాటా నా మీదే.

ఆయన మాకు చుట్టం కాదు. ఆయనది నల్గొండ దగ్గర పల్లె, మాది తెనాలి పక్క. ఎల్బీ నగర్‌లో ఈ ఫ్లాట్‌కి వచ్చిన వారంలోనే మా అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అంది, ఆయన ఆమెని చెల్లె అన్నాడు. ఆ వరసన నాకు మావయ్య అయ్యాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందు చివర ఆయన రిపేర్ దుకాణం ఉండేది. జనం దాన్ని టీవీల దవాఖాన అనేవాళ్లు. డబ్బా టీవీలు పోయి పల్చటి టీవీలు వచ్చాక ఆయన తోటి మెకానిక్‌లు చాలామంది వేరే పనులు వెతుక్కున్నారు. ఈయన మాత్రం కళ్లజోడు మార్చుకుని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ కొత్తవన్నీ నేర్చుకున్నాడు. హాల్లో టీవీకి ఏ పెట్టె తగిలించాలి, అందులో ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి, సినిమాలూ ఫోటోలూ పెళ్లి వీడియోలూ ఒక్కచోట ఎలా పెట్టుకోవాలి అని మీర్‌పేట్ నుంచి మూసారాంబాగ్ దాకా ఆయన్నే పిలిచేవాళ్లు. ఆయన ఎవరికీ కాదనేవాడు కాదు. కాదనని మనిషిని మనవాళ్లు ఎంత వాడుకుంటారో మీకు తెలియంది కాదు.

నాన్న పోయిన ఏడాదికి మా హాల్లో మంచి మీడియా సెంటర్ ఒకటి పెడదామనుకున్నాను. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, నాలుగైదు పెట్టెలూ సాఫ్ట్‌వేర్లూ పోల్చి కాగితం మీద గడులు గీసి మరీ ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. గంటసేపు సోఫాలో కూర్చుని మా అమ్మనే చూశాడు. షుగర్ వల్ల అమ్మకి వెలుగూ నీడా తప్ప ఏమీ కనపడవు. రిమోట్ తడుముకుని ఏదో నొక్కేది, ఇంకేదో వచ్చేది, పక్కన పెట్టేసేది. పైగా ఆ రిమోట్‌కి కొన్న రోజు తొడిగిన ప్లాస్టిక్ కవర్ అలాగే ఉంది. మావయ్య మొట్టమొదట చేసిన పని ఆ కవర్ చింపి పారేయడం.

పగలు పదకొండింటికి ఈ ఇంట్లో ఎవరుంటారని అడిగాడు. అమ్మ ఒక్కతే అన్నాను.

“మరి ఆమె కోసం కొంటున్నవా, నీ దోస్తులకు సూపెట్టనీకి కొంటున్నవా అల్లుడా? ఇంట్ల అందరికన్నా తక్కువ కనపడేటోళ్లకు ఏది పనికొస్తదో, గదే మంచి డబ్బ.”

అది ఆయన ప్రతి ఇంట్లో చెప్పే మాటేనని తర్వాత తెలిసింది. షాపులో నిలబడి టీవీ చూసి కొనకూడదనీ, ముందు ఇంట్లో కూర్చుని మనుషుల్ని చూడాలనీ అనేవాడు.

మా ఇంటికి ఆయన ఎంచింది అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, ఒక హార్డ్ డిస్క్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అన్నీ ఒక చిన్న డబ్బాలో అమర్చాడు. అందులో వందరకాల హంగులు తీసేసి తెర మీద నాలుగే నాలుగు గడులు మిగిల్చాడు: వార్తలు, పాటలు, అక్క పెళ్లి, నాన్న పద్యాలు. మా నాన్న ఊళ్లో నాటకాలు వేసేవాడు. ఆయన పాడిన పద్యాలు బూజు పట్టిన క్యాసెట్లలో ఉండేవి. మావయ్య ఆ టేపుల్ని తుడిచి, తెగినచోట అతికించి, ఒక్కొక్కటే డిస్క్‌లోకి ఎక్కించాడు. అమ్మ అక్షరాలు చూడలేదు కాబట్టి, ఏ గడి మీదికి వెళితే ఆ గడి పేరు మావయ్య గొంతే చెప్పేటట్టు రికార్డు చేసి పెట్టాడు.

ఇక రిమోట్. ఏ మీట ఎక్కడుందో వేలికి తెలియాలి. మావయ్య కాసేపు నసిగి, బాధపడవద్దని ముందే చెప్పి, వాడకుండా మిగిలిపోయిన బొట్టుబిళ్లలేమైనా ఉన్నాయా అని అమ్మని అడిగాడు. నాన్న పోయాక అమ్మ బొట్టు మానేసింది. ఆ మాటకి ఆమె మొహం ఎలా మారిందో నాకు గుర్తుంది. లేచి బీరువాలో తడుముకుని, సగం వాడిన ప్యాకెట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పెద్ద మఖమల్ బిళ్ల మధ్య మీటకి, సన్నటి పొడుగు బిళ్లలు అటూ ఇటూ జరిపే మీటలకి అంటించాడు. ఆ రోజు నుంచి అమ్మ ఎవరినీ పిలవకుండా తనకు కావలసింది తను పెట్టుకునేది.

రెండేళ్లు అలా హాయిగా గడిచాయి. తర్వాత నాకు పొగరెక్కింది. వేరే మాట వాడను.

హాలు మార్పించాను. గోడంత టీవీ, దాని చుట్టూ చెక్క ప్యానెల్, మాటలతో పనిచేసే రిమోట్. ఒక్క వైరు కూడా కనపడకూడదన్నాడు ఇంటీరియర్ చేసినాయన. కొత్త పెట్టెని, అద్దం తలుపుతో షోకేస్‌లా చేసిన అరలో పెట్టి మూశాం. పాత సామాన్లతో పాటు క్యాసెట్లు కూడా పోయాయి. పద్యాలు మావయ్య పెట్టిన డిస్క్‌లో ఉన్నాయి కదా, తీరిగ్గా ఎక్కించుకుందామనుకున్నాను. అమ్మ కొత్త రిమోట్‌ని నోటి దగ్గర పెట్టుకుని, “నాన్నగారి పద్యాలు పెట్టమ్మా” అని మర్యాదగా అడిగింది. అది వంకాయ కూర వీడియో పెట్టింది. ఎలా ఉందమ్మా అంటే బాగుంది నాన్నా అంది. నేను నమ్మాను. నమ్మడం సులువు కాబట్టి నమ్మాను.

ఆ కొత్త పెట్టె అరగంటకోసారి ఆగిపోయేది. మావయ్యకి ఫోన్ చేశాను. లిఫ్టు బాగుచేయించే విషయంలో అసోసియేషన్‌లో రెండు వర్గాలు కొట్టుకుంటున్న రోజులవి. మోకాళ్లు పట్టుకుని నాలుగంతస్తులు ఎక్కి వచ్చాడు. అద్దం తలుపు మీద చెయ్యి పెట్టి చూశాడు.

“వేడికి ఆగుతున్నది అల్లుడా. ఎనక చెక్కకు బొక్కలు కొట్టియ్యి, గాలాడనియ్యి. లేకుంటే ఈ తలుపన్న తీసెయ్యి.”

ఇంటీరియర్ ఆయన పక్కనే ఉన్నాడు. ఆయన ముందు నా హాలుకి వంక పెట్టడం నాకు నచ్చలేదు. ఇవి మీ క్యాసెట్ల కాలం సామాన్లు కావు మావయ్యా, ఇక మీరు శ్రమపడి రావక్కర్లేదు, కంపెనీ వాళ్లని పిలుచుకుంటాను అన్నాను. మావయ్య స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. బాల్కనీలో అట్టపెట్టెలో పడేసి ఉన్న ఆయన పెట్టిన పాత డబ్బా, దాని బొట్టుబిళ్లల రిమోట్ చూసి, పారేస్తున్నవా అని అడిగాడు. కావాలంటే తీసుకెళ్లండి అన్నాను. నాన్న గొంతు ఇంకెక్కడా లేదని ఆ నిమిషంలో తట్టలేదు. మర్నాటికి తట్టింది. కిందికి దిగి అడగడానికి మొహం చెల్లలేదు.

రేపు, రేపు అనుకుంటూ మూడు నెలలు గడిపాను. అన్నయ్యగారు రావట్లేదేంరా అని అమ్మ రెండుసార్లు అడిగింది. పని ఒత్తిడిలో ఉన్నారని అబద్ధం చెప్పాను. పగలంతా ఆ గోడంత టీవీ ముందు, అది ఆపేసి, ఆమె ఊరికే కూర్చునేదని పనమ్మాయి చెబితే గానీ నాకు తెలియలేదు.

ఆయన పోయిన రోజు కింద జనం బాగానే వచ్చారు. అందరూ మంచివాడు మంచివాడు అన్నారు. మూడో అంతస్తాయన మావయ్య భార్య, మా అత్తయ్య, దగ్గరికి వెళ్లి, మా హోమ్ థియేటర్ సగంలో విప్పి ఉంది, ఇంకెవరైనా తెలిసినవాళ్లున్నారా అని అడిగాడు. శవం ఇంకా వాకిట్లో ఉంది. ఆ అడిగినాయన చొక్కా పట్టుకుని గేటు బయటికి ఈడ్చేద్దామనిపించింది. పట్టుకోలేదు. ఎందుకంటే దండ వేస్తున్నప్పుడు నేను ఆలోచించిందీ ఆ హార్డ్ డిస్క్ గురించే. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అమ్మ మాత్రం అత్తయ్య చెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా ఆమె పక్కనే కూర్చుంది.

పదకొండో రోజు కార్యం అయ్యాక అత్తయ్య నన్ను లోపలికి పిలిచింది. బీరువా మీంచి ఒక సంచి దింపించింది. అందులో మా డబ్బా, శుభ్రంగా తుడిచి, రిమోట్‌కి కొత్త సెల్స్ వేసి ఉంది.

“సెడిపోవద్దని వారం వారం పెట్టి సూసేటోడు. ఇచ్చి రారాదు అంటే, అల్లుడే ఒచ్చి అడుగుతడు, అప్పుడిస్తా అన్నడు. నువ్వు రాకపోతివి బిడ్డా.”

అప్పుడు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయింది? నాలుగంతస్తులేగా మధ్యలో. ఊరందరి టీవీలూ బాగుచేసినవాడికి నా పంతం ముందు అంత పంతమెందుకు? అడగడానికి మనిషి లేడు. ఆ సంచి పట్టుకుని మెట్లెక్కాను.

ఇంటికొచ్చి అద్దం తలుపు మేకులు ఊడదీసి పక్కన పడేశాను. ప్యానెల్ అంచు కొంత చీలింది. చీలనీ. పాత డబ్బాని ఆ అర పైన, అందరికీ కనపడేటట్టు పెట్టాను. వైర్లు గోడ మీద వేలాడుతున్నాయి. రిమోట్ అమ్మ చేతిలో పెట్టాను. ఆమె బొటనవేలితో బిళ్లలు ఒక్కొక్కటీ తడిమింది. సన్నటి బిళ్ల ఒకటి ఊడిపోయిన చోట కాసేపు ఆగి, పక్కదాన్ని వెతుక్కుని మూడుసార్లు జరిపింది. మఖమల్ బిళ్ల నొక్కకముందే, చిన్న దగ్గు తర్వాత, మావయ్య గొంతు హాలంతా వినిపించింది.

“చెల్లె, గివి బావ పద్యాలు. నొక్కి జర ఆగు, ఒస్తది.”

“అలాగే అన్నయ్యగారూ” అంది అమ్మ, ఆ రెండేళ్లూ రోజూ అన్నట్టే. నొక్కి, రిమోట్ ఒళ్లో పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, ఆయన ఆగమన్నాడు కాబట్టి ఆగింది.