ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ

మా ఆర్విల్ బాబాయి ఏ జతనీ ఒకచోట ఉంచడు. చేతి తొడుగులు రెండుంటే ఒకటి కోటు జేబులో, రెండోది వ్యాను సీటు కింద. మేజోళ్ళు రెండుంటే ఒకటి బీరువాలో, ఇంకోటి వంటింట్లో కాఫీ డబ్బా వెనకాల. ఎందుకు బాబాయ్ అంటే, "దొంగ వచ్చాడనుకో, వాడికి ఒకటే దొరుకుతుంది. ఒక్క మేజోడు పెట్టుకుని వాడేం చేస్తాడు? ఏడ్చుకుంటూ పోతాడు" అంటాడు. నిజానికి అమెరికాలో మా వెర్మాంట్ కొండల్లో, మంచుమీద జారడానికి కాళ్ళకి బిగించుకునే స్కీ పలకల విషయంలో అందరూ చేసే పనే ఇది. భోజనానికి లోపలికి వెళ్ళేటప్పుడు ఒక స్కీ గుమ్మం పక్క స్టాండులో, రెండోది ఆ చివరి స్టాండులో గుచ్చి వెళతాం. విడి స్కీని ఎవరూ ఎత్తుకుపోరు కదా. అయితే మేమందరం స్కీల దగ్గర ఆగిపోయాం. బాబాయి ఆగలేదు.

ఆ దొంగ ఎవరో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. బాబాయికి అరవై ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఆయన వస్తువు ఒక్కటి కూడా దొంగ పాలు కాలేదు. దాచినచోటు మరిచిపోయి దొరకనివి మాత్రం బోలెడు. ఎడమ కాలికి నల్ల బూటు, కుడి కాలికి గోధుమరంగు బూటు వేసుకుని చర్చికి వస్తాడు. అడిగితే, "వీటి జోళ్ళు భద్రంగా ఉన్నాయి" అంటాడు. ఎక్కడ అని మాత్రం అడగకూడదు. అడిగితే మన మీద కూడా ఒక కన్నేసి ఉంచుతాడు.

ఆయనదే తప్పనడానికీ లేదు. కెటిల్ కొండ స్కీ మైదానంలో, పోయిన వస్తువుల కిటికీ వెనకాల ఇరవై రెండేళ్ళు కూర్చున్నాడు. పొద్దున్న తలుపు తీసింది మొదలు 'అయ్యా, నాది పోయింది' అనే మొహాలే. ఎవరి బుర్రయినా అలాగే తయారవుతుంది. మా క్లెమెన్స్ పిన్నయితే, "వీలుంటే నన్ను కూడా సగం ఇక్కడ, సగం మా పుట్టింట్లో దాచేవాడు" అంటుంది.

చలికాలం పొద్దున్నే మంచు కబురు వినడానికి ఫోన్ చేస్తాడు. అందులో ఒకమ్మాయి గొంతు, "కెటిల్ కొండ మీద ఎనిమిది అంగుళాల కొత్త మంచు పడింది" అంటుంది.

"ఎవరు కొలిచారు?" అంటాడు బాబాయి.

"బాబాయ్, అది రికార్డు చేసిన గొంతు. నీకు జవాబు చెప్పదు."

"చూశావా? అడిగితే జవాబు చెప్పదు!"

ఇలాంటి మనిషికి ఒకసారి మా పాప పిప్పాని గంటసేపు అప్పగించాం. దానికప్పుడు ఏడాదిన్నర. చక్కగా నిద్రపోయిందట. నిజంగా నిద్రేనా, నటనా అని బాబాయి దాన్ని పదకొండుసార్లు లేపి చూశాడు. ఆ తరవాత వారం రోజులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఇంకెప్పుడూ అప్పగించకూడదని నేనూ నా భార్య లెనోర్ గట్టిగా అనుకున్నాం.

లెనోర్ సంగతి కూడా చెప్పాలి. నాలుగో ఏటినుంచీ స్కీ చేస్తున్న మనిషి. మేమిద్దరం మొదటిసారి మాట్లాడుకున్నది కెటిల్ కొండ చైర్‌లిఫ్టులో, తీగకి వేలాడుతూ కొండపైకి వెళ్ళే ఆ కుర్చీలో పక్కపక్కన కూర్చునే. పిప్పా పుట్టాక మాత్రం ఇద్దరం కలిసి ఒక్కసారైనా పైకి వెళ్ళలేదు. వెళ్ళిన ప్రతిసారీ వంతులే. ఒకరు కొండమీద, ఒకరు పాప దగ్గర. ఇద్దరికీ టికెట్లు కొనడం, సగం వృథా చేసుకోవడం. మూడు చలికాలాలు ఇలాగే గడిచాయి.

ఫిబ్రవరిలో ఒక శనివారం మళ్ళీ బయలుదేరాం. మా కారు మరమ్మతుకి ఇచ్చాం కాబట్టి బాబాయి వ్యానులో వెళ్ళాం. వ్యానంటే బాబాయి కూడా వస్తాడన్నమాట. వ్యానుని మా చేతికివ్వడు కదా. దారిలో లెనోర్ కిటికీలోంచి చూస్తూ మెల్లిగా, "ఎమొరీ, ఇవాళ కూడా మనిద్దరం కలిసి పైకి వెళ్ళలేకపోతే, శరదృతువులో పాత సామాన్ల సంతలో నా స్కీలు పెట్టేస్తాను. గోడకి ఆనించి రోజూ చూసుకోవడం నావల్ల కాదు" అంది.

అది బెదిరింపు కాదు. బెదిరింపయితే అరిచేది. బాబాయి అద్దంలోంచి ఆమెని ఒకసారి చూసి, "సంతలోనా? అక్కడంతా దొంగలే" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

చేరగానే పిప్పాకి తొడుగులు తొడగడం మొదలైంది. లోపల ఒక జత, దానిమీద ఉన్ని, దానిమీద ఉబ్బు సూటు, టోపీ, హెల్మెట్, కళ్ళద్దాలు. మొత్తం పదకొండు ముక్కలు. పన్నెండోది తొడగబోతుంటే, "అమ్మా, పాసు" అంది. మళ్ళీ పదకొండూ విప్పాం.

ఈ గొడవలో నేను తల ఎత్తి చూసేసరికి బాబాయి లేడు. మా నాలుగు స్కీలూ లేవు. కాసేపటికి చైర్‌లిఫ్టు గదివైపునుంచి వస్తూ కనిపించాడు. గది గుమ్మంలో వాల్డో నిలబడి తల ఊపుతున్నాడు. వాల్డో లిఫ్టు నడిపే మనిషి, బాబాయికి పాత స్నేహితుడు.

"ఏమిటి మాట్లాడావు బాబాయ్?"

"వాతావరణం."

"అరగంటసేపా?"

"చాలా వాతావరణం ఉంది."

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అనుమానపు మనిషి నవ్వితే భయపడాలి. బాబాయి నవ్వాడు.

పిల్లల గది తలుపు దగ్గర డెల్ఫిన్ అనే అమ్మాయి నిలబడి ఉంది. పిప్పాని రెండు గంటలు ఆ అమ్మాయికి అప్పగించి పైకి వెళ్ళిపోవాలని మా పథకం. బాబాయి ముందుకొచ్చాడు.

"ఎందుకమ్మా అలా నవ్వుతున్నావు?"

"నాకు పిల్లలంటే ఇష్టమండీ."

"ఎంతమందంటే?"

"అందరూ ఇష్టమే!"

బాబాయి నావైపు తిరిగి, "విన్నావా? అందరూ ఇష్టమట. అలాంటి మాట నిజమై ఉంటుందా?" అన్నాడు. పాపం, డెల్ఫిన్ నవ్వాలో మానాలో తెలియక సగం నవ్వింది. సగం నవ్వు బాబాయికి ఇంకా అనుమానంగా అనిపించింది.

అయినా బాబాయిని పక్కకి లాగి పిప్పాని లోపలికి పంపాం. పిప్పా ఏడవలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. టకటకా వెళ్ళి బొమ్మ రైలు దగ్గర చతికిలబడింది. ఎవరైనా సంతోషించాలి. లెనోర్ మొహం పాలిపోయింది.

"ఏడవలేదేమిటి?" అంది.

"మంచిదే కదా?"

"పొద్దున్న జ్యూసు తాగితే ఏడ్చింది. నేను టోపీ పెట్టుకుంటే ఏడ్చింది. ఇప్పుడేమో నన్ను చూడనైనా చూడలేదు. ఒంట్లో బాగాలేదేమో ఎమొరీ."

"నిజమే, కళ్ళు కూడా కొంచెం ఎర్రగా..." అన్నాను నేను. ఎందుకన్నానో నాకే తెలియదు. నోరు అదంతట అదే అనేసింది. ఆరు నిమిషాల్లో పిప్పాని వెనక్కి తెచ్చేసుకున్నాం. రైలు వదిలిపెట్టాల్సి వచ్చినందుకు అది కొండ దద్దరిల్లేలా ఏడ్చింది. అప్పుడు లెనోర్‌కి కాస్త నెమ్మదించింది.

మళ్ళీ వంతులే. పెద్ద కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాక, "నువ్వు ముందు వెళ్ళు" అంది. గొంతులో ఏమీ లేదు. కోపం కూడా లేదు. మనసులో ఆ స్కీలు అప్పుడే అమ్మేసిందని నాకు అర్థమైంది.

బయటికి వెళ్ళి చూస్తే స్టాండులో రెండు స్కీలున్నాయి. ఒకటి నాది, ఒకటి లెనోర్‌ది. ఎవరి బూటు కొలతకి వాళ్ళ స్కీల కట్లు బిగించి ఉంటాయి కాబట్టి ఆ రెండూ వేసుకుని నేనూ కదల్లేను, ఆమే కదల్లేదు. లోపలికొచ్చి, "మిగతా రెండూ ఏవి బాబాయ్?" అన్నాను.

"మెల్లిగా! వాల్డో దగ్గర ఉన్నాయి."

వాల్డో దగ్గరికి పరిగెత్తాను.

"నా స్కీ ఇవ్వవయ్యా."

"నీదేనని రుజువేమిటి?"

"వాల్డో! నన్ను పుట్టినప్పటినుంచీ ఎరుగుదువు. దాని జోడు నా చేతిలోనే ఉంది!"

"అదెక్కడైనా దొరికి ఉండొచ్చు. ఆర్విల్ గట్టిగా చెప్పాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి వస్తేనే ఇవ్వాలి. ఒక్కళ్ళు వస్తే దొంగే అనుకోమన్నాడు."

నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. ఇదంతా కావాలని చేసింది! డెల్ఫిన్ నచ్చలేదు, మేం పైకి వెళ్ళడమూ నచ్చలేదు, ఉన్న ఒక్క రోజునీ కావాలనే పాడుచేస్తున్నాడు. లోపలికి వెళ్ళి లెనోర్‌కి చెప్పాను. ఆమె ఒక్కసారి లేచి నిలబడింది.

"మామయ్యా, నా స్కీలు కూడా దాచారా? ఇంకా నేనవి అమ్మనే లేదు!"

"అమ్మాయ్, నేను నిన్ను తప్పుపట్టడం లేదు. వాల్డోకి మొహం చూపించి తెచ్చుకో. అంతే."

"ఒక్క నిమిషం పాపని పట్టుకోండి. లేపకండి... అదే, మేలుకునే ఉంది కదా, ఊరికే పట్టుకోండి!" అని, రుజువుకోసం బయట స్టాండులోని తన స్కీ కూడా చంకలో పెట్టుకుని నాకన్నా ముందు నడిచింది. వాల్డోకి ఇవాళ మూడిందని నేను సంతోషించాను.

మా ఇద్దర్నీ చూడగానే వాల్డో గుమ్మం వెనకనుంచి రెండు స్కీలూ తీసి మా ముందు మంచులో పరిచాడు. "ఇప్పుడు బాగుంది. తొడుక్కోండి."

"ఆయన ఒక్కడే వెళతాడు" అంది లెనోర్.

"చైరుకి రెండు సీట్లమ్మా. ఒక్కళ్ళని పంపితే ఆర్విల్ నన్ను బతకనివ్వడు." వాల్డో టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "మూడేళ్ళుగా చూస్తున్నాడట. పాపని ఎక్కడ వదిలినా పది నిమిషాల్లో వెనక్కి తెచ్చేసుకుంటారట మీరు. 'ఆ ఇద్దరికీ లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు వాల్డో, ఎలా బతుకుతారో ఏమో' అని ఒకటే బాధ. తనకి అప్పగించమని అడిగితే అప్పగించరని వాడికి అనుమానం. అందుకని ఇలా ఇద్దర్నీ ఇక్కడికి రప్పించమన్నాడు. 'అమ్మాయి స్కీలు అమ్మేస్తానంది, అది జరగకూడదు' అని నాలుగుసార్లు చెప్పాడు."

మేమిద్దరం ఒకేసారి వెనక్కి తిరిగి చూశాం. పెద్ద కిటికీలో బాబాయి నిలబడి ఉన్నాడు. పిప్పాని మాకు బాగా కనిపించేలా అద్దానికి దగ్గరగా ఎత్తి పట్టుకున్నాడు. దాని రెండు చేతులూ, రెండు కాళ్ళూ ఉన్నాయని మాకు రుజువు చూపిస్తున్నట్టున్నాడు.

లెనోర్ చాలాసేపు చూసింది. చైర్లు ఒకదాని వెనక ఒకటి ఖాళీగా తిరిగి వెళుతున్నాయి. అప్పుడు వంగి బూటు కట్లలో దూర్చి టక్కుమని నొక్కింది. "పద, నేను మనసు మార్చుకునేలోపల" అంది.

పైకి వెళ్ళేటప్పుడు సగం దారిదాకా ఇద్దరం మెడ తిప్పుకుని కిటికీనే చూశాం. ఆ తరవాత చెట్లు అడ్డం వచ్చాయి. అప్పుడు లెనోర్ నా చెయ్యి పట్టుకుంది. శిఖరం మీదనుంచి ఆమె మొదటి మలుపు తిరుగుతూ వేసిన కేక విని పైన్ చెట్లమీది మంచు రాలిందంటే నమ్మండి.

తిరిగొచ్చేసరికి బాబాయి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. వేయించిన బంగాళాదుంప ముక్కల్ని ఒక్కొక్కటే వెలుగుకి ఎత్తి పరీక్షించి పిప్పాకి ఇస్తున్నాడు. అదేమో ఇంకోటి కావాలని ఆయన మీసం పట్టుకుని లాగుతోంది. లెనోర్ వంగి బాబాయి నుదుటిమీద ముద్దు పెట్టింది. బాబాయి వెంటనే జేబులు తడుముకుని చూసుకున్నాడు.

"ఎలా ఉందమ్మాయ్ పైన?"

"అద్భుతంగా ఉంది మామయ్యా! ఇంత మంచి మంచు నేనెప్పుడూ చూడలేదు."

"ఎన్నిసార్లు చూశావు?"

"ఇప్పుడే కదా, ఒక్కసారి."

బాబాయి నిట్టూర్చాడు. పిప్పాని ఒళ్ళో ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

"ఒక్కసారి చూసి నమ్మేస్తే ఎలాగమ్మా? ఇద్దరూ మళ్ళీ వెళ్ళి సరిగ్గా చూసి రండి. తొందరేం లేదు."