సాలూరు బస్టాండు ఎదుట మా ఆవిడ ఫ్లెక్సీ

సాలూరు బస్టాండు ఎదురుగా మా ఆవిడ ముఖం నిలువెత్తు ఫ్లెక్సీగా కట్టారు. కింద పేరు, ఊరు, జబ్బు. విజయనగరంలో ఆమెకు వైద్యం చేసిన ఆసుపత్రి ప్రచారం అది. జబ్బు తగ్గిన మాట నిజమే. కానీ మా వీధిలో పెళ్లికూతురి సారెకు పొంగడాలు వండాలంటే ఆవిడనే పిలిచేవారు. ఫ్లెక్సీ లేచాక రెండిళ్ల వాళ్లు పిలుపు మానేశారు. ఆ జబ్బు మనిషి చేతి వంట వియ్యాలవారింటికి పంపితే మాటొస్తుందట. ఆవిడ గుమ్మం దాటడం మానేసింది. అందుకే దాన్ని విప్పించడానికి బయలుదేరాం.

ఉదయం ఆరున్నర బస్సెక్కితే రామభద్రపురం, గజపతినగరం మీదుగా రెండు గంటల ప్రయాణం. నా టికెట్టు వంద లోపే. ఆడవాళ్లకు ఉచితం, ఆధార్ చూపాలి. ముసుగేసుకున్న ఆవిడని చూసి కండక్టరు నవ్వాడు.

"ముసుగు తియ్యి మామ్మా, కార్డులో బొమ్మ నీదో కాదో సూడాల."

"నా బొమ్మ కావాలంటే బస్టాండు కాడికెల్లు బాబూ, సానా పెద్దది కట్టినారు."

అతను నవ్వు ఆపి కార్డు తిరిగిచ్చేశాడు.

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు బయట ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ నీళ్లు. అక్కడి నుంచి ఆసుపత్రికి షేరాటో, మనిషికి ఇరవై.

మేనేజరు మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు. తరవాత ఒక కాగితం తీశాడు. "మీరు ఒప్పుకున్నారు తాతగారూ, ఇదిగో సంతకం."

సంతకం నాదే. చేర్చిన రోజు బోలెడు కాగితాలిచ్చారు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, నాకు తెలుగే వచ్చు. చదివి చెప్పమనడం చిన్నతనమనిపించి అన్నిటి మీదా గీకేశాను.

"వైద్యానికని సంతకం ఎట్టినాను, రోడ్డు మీద కట్టడానికి కాదు. ఇప్పుడు వద్దంటన్నాను. విప్పించీండి."

పక్కన కూర్చున్న గుమాస్తా అమ్మాయి కాగితం చూసి అంది: "పేషెంటు మీరు కాదు కదా తాతా. మామ్మని ఎవరైనా అడిగినారా?"

మా ఆవిడ ముసుగు తీసింది. "మొకం నాది. ఈ బాబూ అడగనేదు, మా బావా అడగనేదు. ఇద్దరూ ఇద్దరే!" బావంటే నేనే.

నాకు కోపం వచ్చింది. కానీ ఆ కాగితం మీద ఉన్నది నా సంతకమే.

"ముందు ఒప్పుకున్నా ఇప్పుడు వద్దనే హక్కు మీకుంది మామ్మా," అని ఆ అమ్మాయి అర్జీ రాసి చదివింది. ఆవిడ రెండోసారి కూడా చదివించుకుని, అప్పుడు వేలిముద్ర వేసింది. మేనేజరు మా ఎదుటే ఫ్లెక్సీ విప్పేయమని ఫోన్ చేశాడు.

సాయంత్రం సాలూరులో దిగేసరికి ఇద్దరు మనుషులు ఫ్లెక్సీ విప్పుతున్నారు. ఆవిడ ముసుగు లేకుండానే నిలబడి చూసింది.

సారె పిలుపులు ఇంకా రాలేదు, వస్తాయో లేదో తెలీదు. ఆవిడ మాత్రం సంతకి వెళ్తోంది. ఆసుపత్రి వాళ్లని తిట్టడానికి వెళ్లినవాణ్ణి, నా తప్పు కూడా చూసుకుని వచ్చాను. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే బొమ్మ ఎవరిదో ఆ మనిషిని వెంట తీసుకెళ్లండి. అర్జీ రెండు ప్రతులు రాయించి, ఒకదాని మీద అందినట్టు వాళ్ల ముద్ర వేయించుకోండి.

ఇది రాస్తానని ముందు ఆవిణ్ణి అడిగాను. "రాసుకో బావా, నా పేరొద్దు, జబ్బు పేరొద్దు," అంది. రెండూ రాయలేదు.