లియాఖత్ భాయ్ చూసిన నలభై ఒక్క సైట్లు

లియాఖత్ అలీకి కోపం రాదు. నాకొస్తది. అందుకే ఆయన ముచ్చట నేనే చెప్పాలె. ఆయన్నడిగితే "ఏముంది తమ్మీ, అంతా అల్లా దయ" అని ఊకుంటడు.

ఆయనది కోరుట్ల, నాది మెట్‌పల్లి. దోహాల ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దిక్కు ఒక టైపింగ్ సెంటర్ల పక్కపక్క టేబుళ్లు మావి. వీసా, ఐడీ, ఫ్యామిలీ పర్మిట్, ఏ ఆఫీసుకు ఏ ఫారం కావాలన్నా జనం మా తానికొస్తరు, మేం నింపి ఇస్తం. భాయ్‌కి ఇది ఇరవై రెండో ఏడు. అరబ్బీల టైపు చేస్తుంటే చూడాలె, కీబోర్డు దిక్కు తలకాయ వంచనే వంచడు. ఆయన నింపిన ఫారం తప్పుందని ఒక్కనాడు తిరిగి రాలేదు.

మాదొక రివాజు ఉంది. ప్రతి ఫారంల ఈమెయిల్ గడి ఉంటది. లేబర్ క్యాంపుల నుంచి వచ్చెటోళ్లకు మెయిల్ ఏడుంటది? అడిగితే "మాఫీ" అంటరు, లేదని అరబ్బీల. అందుకని అందరికీ మా సెంటర్ మెయిలే ఏస్తం. జవాబు మాకొస్తది, మేం ఫోన్ చేసి చెప్తం. మేస్త్రీ అయినా డ్రైవరైనా వంటాయనైనా, అందరిదీ అదొక్కటే మెయిల్.

భాయ్‌కి ఒక్కతే బిడ్డ, శిఫా. ఈడనే పుట్టింది, ఈడనే ఇండియన్ స్కూల్ల పన్నెండు చదివింది. తొంభై నాలుగు శాతం మార్కులు. హైదరాబాద్‌ల ఫిజియోథెరపీ చదువుతనన్నది. వాళ్లమ్మ మెహర్ సుల్తానా మోకాళ్లు పోయి గోడ పట్టుకొని నడుస్తది. చిన్నప్పటిసంది ఆ కాళ్లు ఒత్తింది ఈ పిల్లనే. సీటు దొరికింది గాని, బయటి దేశంల చదివొచ్చినోళ్లకు వేరే ఫీజట. భాయ్ జీతంతోని అయ్యే పని కాదు. స్కాలర్‌షిప్ వస్తె పోతది, లేకుంటె లేదు. గంతే.

ఇగ భాయ్ మొదలుపెట్టిండు. పొద్దున కస్టమర్లు రాకముందు ఒక గంట, సాయంత్రం అసర్ నమాజ్ అయినంక ఒక గంట, స్కాలర్‌షిప్పులు వెతికి పెడ్తమనే వెబ్‌సైట్లు ఒక్కొక్కటే తెరుసుడు. పచ్చ అట్ట రిజిస్టర్ తెచ్చి గీతలు కొట్టిండు. నడిపేది ఎవలు, అడ్రస్ ఉందా, ఫోన్ జేస్తె ఎత్తుతరా, ఆఖరి తారీఖు ఈ ఏడుదేనా, పోయినేడు ఎవలికిచ్చిండ్రు. ఒక్కో సైటుకు పదికి ఇన్నని మార్కులు, బడిపంతులు తీరు.

"కనవడ్డయన్నీ నింపి పారెయ్యి భాయ్, ఏదో ఒకటి తాకుతది" అన్న నేను.

"ఫారం ఏడికి పోతదో తెల్వక నింపొద్దు తమ్మీ" అన్నడు.

ఏం సైట్లయ్యా అవి. ఒకదాంట్ల ఆఖరి తారీఖు అయిపోయి మూడేండ్లు. ఒకటి ఎడమ చేత్తోని రాస్తవా అని అడిగింది. ఇంకోటి ముందుగాల ఫులూస్ కట్టు, పైసలు ముట్టినంక చూస్తమన్నది. మూడు సైట్లల్ల గెలిచిన పిల్ల ఫొటో ఒక్కటే, పేర్లు మాత్రం మూడు. చెవుల కమ్మలు చూసి పట్టిండు భాయ్. అసలువి లేకపోలేదు. ఖతార్ల ఉన్నయి ఖతారీ పిల్లలకు, ఇండియాల ఉన్నయి అక్కడ ఇంటర్ చదివినోళ్లకు. "మా పిల్ల ఏ గడిల గూడ పడ్తలేదు తమ్మీ" అన్నడు ఒకనాడు, నవ్వుకుంటనే. నాకైతే కడుపు మండింది.

నలభై ఒకటో సైట్ల దొరికింది. బెంగళూరుల రిటైరైన టీచర్లు కొందరు కలిసి పెట్టుకున్న చిన్న ట్రస్టు, గల్ఫ్‌ల పనిచేసెటోళ్ల పిల్లలకోసమే. ఫోన్ జేస్తె ఒక పెద్దామె ఎత్తింది, సక్కగ మాట్లాడింది, పోయినేడు ఇచ్చిన పిల్ల నంబర్ గూడ ఇచ్చింది. జులై ఆఖరు కల్లా చెప్తమన్నది. భాయ్ పదికి పది ఏసిండు. ఆ రిజిస్టర్ మొత్తంల అదొక్కటే పది.

ఆ ఫారం నింపెటప్పుడు శిఫా సెంటర్‌కు వచ్చి పక్కన కూసుంది. "పప్పా, నా మెయిల్ వెయ్యి" అన్నది.

"సెంటర్దైతే నేనూ అంకులూ ఇద్దరం చూస్తుంటం బిడ్డా" అన్నడు భాయ్. ఇరవై రెండేండ్లు ఏసిన మెయిలే ఏసిండు. నాకు గూడ అదే మంచిదనిపించింది. అవును, ఆ మాట పైకన్న గూడ.

ఇగ షురూ అయింది లొల్లి. మిగిలిన నలభై సైట్ల లోపల ఏముందో చూడాలన్నా పేరు రాసుకోవాలె గద, అక్కడ గూడ సెంటర్ మెయిలే ఏసి ఉండె. రోజుకు రెండొందల మెయిళ్లు. కంగ్రాచులేషన్స్ శిఫా, నువ్వు సెలెక్టైనవ్. శిఫా, ఇదే ఆఖరి చాన్స్. వాటి కింద పడి మా కస్టమర్ల మెయిళ్లు కనపడ్తలేవు. ఒక డ్రైవర్ ఐడీ ఆలస్యమైందని మేనేజర్ ఖాసీం మమ్ముల ఇద్దర్ని నిలబెట్టి కడిగిండు. అప్పటిసంది పొద్దుగాల రాంగనే కంగ్రాచులేషన్స్ అని ఉన్నయన్నీ ఒక్కపారి పట్టి తీసేస్తుంటి. చెత్తబుట్ట గూడ ఖాళీ జేస్తుంటి. ఐదు నిమిషాల పని.

జులై అయిపోయింది. ఆగస్టు మొదట్ల భాయ్ ట్రస్టుకు ఫోన్ జేసి స్పీకర్ల పెట్టిండు. పెద్దామె కాగితాలు తిరగేసి చెప్పింది. ఇరవయ్యో తారీఖున మెయిల్ పంపిండ్రట, పది రోజుల్ల ఒప్పుకున్నట్టు జవాబియ్యాలెనట. రాకపోయేసరికి ఇంకో పిల్లకు ఇచ్చిండ్రట. "మీ అమ్మాయిదే మొదటి పేరు బాబూ" అన్నది. భాయ్ "శుక్రియా అమ్మా" అని ఫోన్ పెట్టిండు.

గోడకు డ్యూటీ కాగితం అంటించి ఉంటది. లేచి పోయి దాని ముందట నిలబడ్డడు. ఇరవయ్యో తారీఖు ఆయన సెంటర్ల లేడు, అల్ ఖోర్ క్యాంపుల ఫారాలు నింపనీకి పొద్దున బస్సుకే పోయిండు. ఉన్నది నేనొక్కన్నే. ఆయన వచ్చి మళ్ల కుర్చీల కూసున్నడు. నా దిక్కు చూడలేదు. తిడ్తె బాగుండు, అన్నీ చెప్పేసి ఏడుస్తుంటి.

అసర్ అయినంక శిఫా వచ్చింది. "ఇరవయ్యో తారీఖున వచ్చిందట, నేనే తీసేసిన బిడ్డా, చెత్త మెయిల్ అనుకున్న" అన్నడు భాయ్. నేను నోరు తెరిసిన. ఆయన టేబుల్ కింద చెయ్యి ఇట్ల ఊపిండు, ఊకో అని. ఊకున్న. అందరి మీద లేసే నా నోరు ఆ పూట లేవలేదు. సిగ్గయితది చెప్పాలంటె.

సీటు పోయింది. ఇప్పుడు శిఫా మా సెంటర్లనే మూడో టేబుల్ మీద కూసుంటున్నది. తండ్రి తీరే, కీబోర్డు దిక్కు చూడది. పచ్చ రిజిస్టర్ల మిగిలిన పేజీలల్ల టోకెన్ నంబర్లు రాస్తున్నం.

మొన్న అల్ వక్రా రేవుల పడవ మీద పనిచేసే ఆయనొకాయన వచ్చిండు. "మెయిల్ ఉందా?" అని శిఫా అడిగింది. "మాఫీ" అన్నడు. సెంటర్ మెయిల్ ఏసి పంపించింది. భాయ్ నమాజ్‌కు పోయి ఉన్నడు. శిఫా తెర మీదికెల్లి కండ్లు తియ్యకనే అడిగింది.

"అంకుల్, జులై ఇరవైన పప్పా అల్ ఖోర్ పోయిండు గదా? అక్కడికెల్లి చేపలు తెచ్చిండు."

"యాదికి లేదు బిడ్డా" అన్న.

"నాకుంది" అన్నది. అని, తర్వాతి టోకెన్ పిలిచింది.