బెల్లం దారి వేరు

మా వదిన పోయింది. గుంటూరు ఆసుపత్రిలో ప్రాణం విడిచింది. ఆ కబురు ముందు నాకు రాలేదు, సున్నం బట్టీకి వచ్చింది. ఫోను ఉన్నది అక్కడే. నేను చేరేసరికి ఆడకూలీలంతా జల్లెడలు కింద పెట్టి, ముక్కుకు కట్టుకున్న గుడ్డలు విప్పి, నేల మీద కూర్చుని ఉన్నారు. ఆపమని నేను చెప్పలేదు. నా బట్టీలో నేను చెప్పకుండా పని ఆగడం అదే మొదలు.

పెద్దకర్మకు వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట. "అదృష్టవంతురాలు. గుడిసెలోకి కాపురానికొచ్చి డాబాలో దాటిపోయింది." డాబాలో దాటిపోలేదు. ఇనుప మంచం మీద, గాలి అందక పోయింది. ఆ మాట దిద్దే మొహం నాకు లేక తలొంచుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. నాది వానాకాలపు చదువు, కూడబలుక్కుని రాస్తున్నాను. అక్షరాల్లో తప్పులుంటే అచ్చువేసేవాళ్ళు దిద్దుకోండి. మిగతా తప్పులు నావి, వాటి జోలికి పోవద్దు.

మా అన్న పెళ్ళయిన కొన్నేళ్ళకే క్వారీలో రాయి మీద పడి పోయాడు. పిల్లలు లేరు. వదిన పుట్టింటివాళ్ళు మాచర్ల అవతలి నుంచి బండి కట్టుకుని వచ్చారు, తీసుకుపోదామని. ఆమె ఎక్కలేదు.

"ఈడ రాయన్నా నన్ను గుర్తుపడద్ది. ఆడ మా అన్నల పెళ్ళాలు గుర్తుపట్టరు" అంది.

ఆ తర్వాత ఇద్దరం పిడుగురాళ్ల దగ్గర ఒక షావుకారు బట్టీలో కూలికి చేరాం. నేను బట్టీ పైకి రాయి, బొగ్గు మోసేవాణ్ణి. ఆమె కింద కాలిన రాయిని నీళ్ళతో తడిపి, పొడి అయ్యాక జల్లెడ పట్టేది. నాది నోటి దురుసు. ఆమెకు నవ్వు ఎక్కువ. నేను మేస్త్రితో గొడవకు దిగితే కింది నుంచి కేక వేసేది.

"ఏంది మరిదీ, రాయెత్తమంటే మీసం ఎత్తుతున్నావ్?"

మేస్త్రి కూడా నవ్వేవాడు. గొడవ అక్కడితో సరి.

నేను సొంత బట్టీ పెట్టినప్పుడు నా నోటికి జడిసి కూలీలు నిలవలేదు. తెచ్చింది, నిలిపింది మా వదినే. తన పుట్టినూరి వైపు వెళ్ళి, కృష్ణ దాటి అవతలి ఊళ్ళకు కూడా వెళ్ళి, ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చేది. "నేనున్నా గదా, రండి" అనేది. వాళ్ళకు ఆ మాటే పూచీ.

తర్వాతి రోజులు మీరూ చూశారు. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. బీదలకు కాలనీ ఇళ్ళు వచ్చాయి. బడులు, ఆఫీసులు, సినిమా హాళ్ళు లేచాయి. దేశంలో ఎక్కడ గోడ లేచినా దానికి సున్నం కావాలి. మా లారీలు హైదరాబాదు, మద్రాసు పోయేవి. నేను రెండో బట్టీ కట్టాను. ఇంటికి స్లాబు వేశాను, టీవీ కొన్నాను. దేశం ఎదుగుతోందని ఎవరైనా అంటే నన్ను చూసే అంటున్నారనుకునేవాణ్ణి.

వదినకు కూడా అందులో గర్వమే. ఏ ఊరు పోయినా కొత్త గోడ కనబడితే వేలితో రుద్ది, వేలు చూసుకుని "మనదే" అనేది. ఎట్లా తెలిసిందని అడిగితే, "మన పిల్లను మనం గుర్తుపట్టమా?" అనేది.

రెండో బట్టీ ప్రారంభానికి ఒక నాయకుడు వచ్చాడు. దేశం లేచి నిలబడుతోంది, దానికి తెల్లబట్టలు తొడుగుతున్నది మీరే అని మైకులో చెప్పాడు. వదిన వెనక కూర్చున్న ఆడవాళ్ళతో, "దేశానికి తొడిగాం సరే, మా ముక్కులకు కట్టుకోను తలా ఒక తుండుగుడ్డ ఇప్పియ్యమని అడగండే" అంది. వాళ్ళు పకపకా నవ్వారు. తన మాట నచ్చిందనుకుని ఆయన ఇటు తిరిగి దండం పెట్టాడు.

బట్టీ పనిలో ఒక ఆచారం ఉంది. సాయంత్రం ప్రతి కూలీకీ బెల్లం ముక్క పెడతారు. పగలంతా లోపలికి పోయిన దుమ్మును బెల్లం పట్టుకుని కిందికి దించుతుందని నమ్మకం. మా నాన్న నమ్మాడు, నేను నమ్మాను. మిగతా బట్టీల వాళ్ళు గొడ్లకు పెట్టే నల్లబెల్లం పెడితే నేను అనకాపల్లి బెల్లం తెప్పించేవాణ్ణి. కూలీలను కన్నబిడ్డల్లా చూస్తాడని నాకు పేరొచ్చింది. ఆ పేరు చూసుకునే సర్పంచికి నిలబడదామన్న ఆశ పుట్టింది.

గంప పట్టుకుని నిలబడేది వదినే.

"దగ్గుతున్నావుగా, ఇంకో ముక్క నమలవే. దుమ్ము దిగిపోద్ది."

"పళ్ళు గూడా దిగిపోతయ్ పెద్దమ్మా" అనేది జల్లెడ దగ్గర పనిచేసే ఒక నడివయసు మనిషి.

"దిగితే దిగనియ్. మీ ఆయన నీ కాటు తప్పించుకుంటడు."

తర్వాత వదినకే దగ్గు పట్టుకుంది. బెల్లం రెండింతలు తింది. తగ్గలేదు. నరసరావుపేట తీసుకుపోయాను. డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీయించి, దీపం ముందు పెట్టి చాలాసేపు చూశాడు.

"నేను రోజూ బెల్లం తింటానయ్యా" అంది వదిన, మందు తాను వాడుతూనే ఉన్నానన్న ధీమాతో.

ఆయన నవ్వలేదు. "బెల్లం కడుపులోకి పోతుందమ్మా. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బెల్లం దారి వేరు, దుమ్ము దారి వేరు. ఆ రెండూ ఎక్కడా కలవవు."

తిరుగు బస్సులో, పిడుగురాళ్ల దగ్గర పడ్డాక అంది.

"మరిదీ, ఈ మాట మనోళ్ళకు చెప్పాల."

"చెబుదాం."

"ఎప్పుడు?"

"ఈ ఎండాకాలం గడవనీ వదినా. లారీలు వరసలో ఉన్నయ్. ఇప్పుడు చెబితే సగం మంది మూటలు సర్దుకుంటరు."

"సర్దుకోనీ. నేనున్నా రండని తెచ్చినోళ్ళు. ఏం ఉన్నట్టు నేను?" అని, మళ్ళీ అంది. "అట్లనే ఆ జల్లెడ షెడ్డు గోడలు తీసెయ్."

ఆ గోడల సంగతి చెప్పాలి. జల్లెడ పట్టేటప్పుడు సున్నం గాలికి కొట్టుకుపోతోందని నేను షెడ్డుకు మూడు పక్కలా గోడలు కట్టించాను. ఆ తెలివికి చుట్టుపక్కల బట్టీల వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు.

"గాలికి పోవాల్సింది మా రొమ్ముల్లోకి పోతంది మరిదీ. పడగొట్టు. పోయే సున్నం పోనీ."

"ఎలక్షన్ అయిపోనీ" అన్నాను.

మర్నాడు సాయంత్రం ఆమె గంప ఎత్తుకుని వాళ్ళ ముందు నిలబడింది. "ఇది తీపికి తినండి. దుమ్ముకు పనికిరాదంట, డాక్టరు చెప్పిండు. ఇన్నాళ్ళూ తెలవక మీకు అబద్ధం చెప్పా." ఒక్క చెయ్యీ గంప మీదికి రాలేదు. కృష్ణ అవతలి వాళ్ళు కొందరు తెల్లారే వెళ్ళిపోయారు.

నేను మండిపడ్డాను. "బట్టీ ఆరిపోతే నీకు సంతోషమా?"

"ఆరిపోయేది బట్టీ ఒక్కటేనా?" అంది. గొంతు పెంచలేదు.

గంప ఆమె చేతిలోంచి తీసుకుని మేస్త్రికి ఇచ్చాను. ఆ సాయంత్రం నుంచి అందరూ ఎప్పటిలాగే చేతులు చాపారు, తిన్నారు. డాక్టరు మాట వాళ్ళు నమ్మలేదని, నా మాటే గెలిచిందని అనుకున్నాను. వదిన మళ్ళీ బట్టీ వైపు రాలేదు. వసారాలో మంచం మీద కూర్చుని, వచ్చే పోయే కూలీలను పేరుపేరునా పలకరించేది. "దగ్గెట్లుందే?" అని ముందుగా అడిగేది. తన సంగతి అడిగితే, "గోడకు రెండు పూతలేస్తే కొత్తదైద్ది. మనిషికేం పుయ్యాల?" అని నవ్వేది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగేది.

ఓట్ల రోజు ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని బడికి నడిచి వెళ్ళింది. తిరిగొచ్చి నన్ను పిలిచింది.

"ముద్ర నీకే ఏశా మరిదీ. అవతలోడికి గూడా బట్టీ ఉంది. ఆడి షెడ్డుకు నాలుగు పక్కలా గోడలే."

గెలిచాను. దండలు వేశారు. ఊరేగింపు మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు వసారాలోంచి చూసింది. నేను దగ్గరకు పోయి కాళ్ళకు దండం పెట్టాను. నెత్తిన చెయ్యి పెట్టి, "గోడలు?" అంది.

"ప్రమాణం చేయనీ వదినా" అన్నాను.

ప్రమాణం చేశాను. శాలువా కప్పుకుని ఇంటికి వచ్చేసరికి ఆమెను గుంటూరు తీసుకుపోయారు. తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

పెద్దకర్మ మర్నాడు సాయంత్రం బట్టీకి వెళ్ళాను. మేస్త్రి బెల్లం పెడుతున్నాడు. ఆపమన్నాను. "మా వదిన చెప్పింది నిజం. దీంతో దుమ్ము దిగదు. ఆ రోజే నేనూ చెప్పాల్సింది" అన్నాను. 

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పళ్ళు దిగిపోతయ్ అన్న ఆమే మాట్లాడింది.

"మాకు తెలుసు బాబాయ్. పెద్దమ్మ చెప్పిన పొద్దే తెలుసు."

"మరి రోజూ ఎందుకు తింటన్నరే?"

ఆమె చేతిలోని ముక్క వైపు చూసుకుంది. "తినకపోతే నీ మీద నమ్మకం లేదనుకుంటవని. రేపట్నుంచి రావొద్దంటవని."

పల్నాటివాణ్ణి, మాటకు మాట అనకుండా ఊరుకున్నవాణ్ణి కాను.  గోడలు పడగొట్టిస్తానని చెప్పాను. గొంతు పెంచి, ఓట్ల సభలో చెప్పినట్టే చెప్పాను. "అట్లనే బాబాయ్" అన్నారు. ఎప్పుడని ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు లారీ ఆలస్యంగా వచ్చింది, ఇంకా బస్తాలు నింపాలి. వాళ్ళు గుడ్డలు ముక్కులకు బిగించుకుని షెడ్డులోకి పోయారు. జల్లెడలు కదిలాయి. మూడు గోడల మధ్య తెల్లటి పొడి లేచి, పోయే దారి లేక అక్కడే తిరిగింది. నేను బయట నిలబడి చూస్తున్నాను. కాసేపటికి ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాను. నిరుడు పెళ్ళయి కాపురానికి వచ్చిన పిల్ల ఒకతి బస్తా మూతి కట్టి ఇటు తిరిగింది. తల నెరిసి ఉంది.